దూరపు చివర

నూనెబావి చుట్టూ మంచు ఇంకా విడలేదు. వాల్వు మీద చెయ్యి వేసి, ఇంజనీరైన అన్న కూతురి వైపు చూశాడాయన.

“నూనె రావట్లేదని కంపెనీవాళ్ళు రేపు బావి మూసేస్తామంటుంటే, ఇంకా బిగించమంటావేంటే?”

“అడుగున గొట్టం మలుపు తిరిగి అడ్డంగా చాలా దూరం పోయింది కదా బాబాయ్. బార్లా తెరిస్తే ఈ దగ్గరి చివరే నీళ్ళతో సహా అంతా లాగేస్తుంది. దూరపు చివరనున్న నూనె కదలనే కదలదు.”

“ఆ చివరిదాకా ఈ బావి తవ్వి, ఇంటికొచ్చి పడుకున్నవాడే మీ నాన్న. మళ్ళీ లేవలేదు.”

“బిగించు బాబాయ్.”

బిగించాడు. సాయంత్రానికి సీసాలో పట్టి చూస్తే నీళ్ళు బాగా తగ్గి, నూనె నల్లగా, గోరువెచ్చగా నిండింది.

“వస్తోందే, పిచ్చిపిల్లా! ఇక మూయరులే. కాస్త తెరవనా?”

“వద్దు. నాన్న చాలా దూరం నుంచి వస్తున్నాడు. మెల్లగానే రానీ.”