కాలవ ఇవతలికి వినపడాలి

పీట ఎందుకండీ అని నవ్వుతారేంటి మోషే గారూ. నవ్వడానికి ఇవ్వలేదు నేను. ఆయన పన్నెండేళ్ళూ ఈ పీట మీద నిలబడే వాయించేరు. స్టేజీ ఎక్కేముందు చెప్పులు విప్పెయ్యాలి గదా. కిందేమో తడిపిన ఇసక, ఎదురుగా మైకు. ఒట్టికాళ్ళతో కరెంటు గిటారు పట్టుకుని మూతి మైకుకి తగిలిందంటే ఒళ్ళు ఝల్లుమంటుంది. మొదటి ఏడాది పెదవి కాల్చుకుని వచ్చేరు. మర్నాడు వంటింట్లో నా పీట పట్టుకుపోయేరు. అప్పట్నించీ నేను నేల మీదే కూచుని కూర తరుక్కుంటున్నాను.

తీసుకెళ్ళండి. చంకలో పెట్టుకుంటే బరువేం ఉండదు.

ఒక్క ఐదు నిమిషాలు కూచోండి తమ్ముడు గారూ. సభ ఆరింటికి గదా, ఇంకా నాలుగున్నరే. కాలవ వంతెన దిగితే పందిరి. వంటింట్లోకి పిలిచేనని ఏమీ అనుకోకండి. ఆయన మంచం అరుగు మీద వేయించేను. మాట పడిపోయింది గానీ చెవులు బాగానే ఉన్నాయి. చెవులు బాగున్నందుకే నాకీ పాట్లు.

ముందు ఆయన చెప్పమన్నవి చెప్పేస్తాను. పొద్దున్నించీ ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పేరు. బడిలో బోర్డు మీద రాస్తూ రాస్తూ కూలిపోయి ఎనిమిది నెలలైందా, ఆయన మాట నాకు తప్ప ఎవరికీ తెలీదిప్పుడు. మీకు మూడు నెలలు పాఠం చెప్పింది ఆయనైతే, పలికింది నేను. అంచేత ఇది కూడా నేనే పలకాలి.

కొండలరావు గారి పక్కనే నిలబడమన్నారు. ఆయన కుడికాలు చూడాలట, చేతులు చూడకూడదట. ఆ కాలు పెద్ద డ్రమ్ము మీద పడ్డప్పుడే మీ వేలు తీగ మీద పడాలి. రెండూ కలిసి ఒక్క దెబ్బలా ఉండాలి. కొండలరావు గారు పెళ్ళిళ్ళలో వాయించే మనిషి గదా, మూడో చరణానికి ఆయనకి ఊపొచ్చేస్తుంది. ఆయన పరిగెట్టినా మీరు పరిగెట్టకండి. మీరు కదలకపోతే ఆయనే వెనక్కొస్తారు.

పాట ఎత్తుకునేది మా అమ్మాజీ వదిన. ఏ శ్రుతిలో ఎత్తుకుంటుందో ఎత్తుకునేదాకా ఆవిడకే తెలీదు, పాపం. హార్మోనియం వెతుక్కుని అందుకునేదాకా మీరు ఊరుకోండి. మొదటి వరస వదిలెయ్యండి. "వాయించకపోతే ఎవడికీ తెలీదు, తప్పు వాయిస్తే అందరికీ తెలుస్తుంది" అనేవారు మీ మాస్టారు.

వైరు నవారు పట్టీలోంచి ఒక చుట్టు తిప్పి అప్పుడు గుచ్చండి. మూడేళ్ళ కిందట రాజోలు నించి వచ్చిన పెద్దాయన ఒకరు సాక్ష్యం చెప్పడానికి లేస్తూ వైరు మీద కాలేసేరు. గిటారు మూగదైపోయింది. పాట మొత్తం అలాగే అయిపోయింది, ఎవరికీ తెలీలేదు. ఆ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దానికే వస్తాను.

ప్రార్థన మొదలెట్టగానే గిటారు మీద ఆ చిన్న మర సున్నాకి తిప్పెయ్యాలి. లేకపోతే తుమ్మెద దూరినట్టు ఒకటే రొద. విందులో చెయ్యి పెట్టాక తీగలు ముట్టుకోకూడదు. గిటారుని పందిరి రాటకి ఆనించి ఎక్కడికీ వెళ్ళకూడదు, పిల్లలు లాగేస్తారు.

ఇక ఆఖరిది. వేళ్ళతోనే వాయించాలి, పిక్కు, అదే ఆ మీటే బిళ్ళ, ముట్టుకోకూడదు. స్వరం మెత్తగా, అడుగునే ఉండాలి. పడవలో కూచున్నవాళ్ళెవరూ అడుగు చెక్క చూడరు గదా, మన పని అదీ అన్నారు. ఈ మాట చెప్పడానికి ఆయనకి పావుగంట పట్టింది.

ఆయ్. రాసుకున్నారా అన్నీ?

ఇప్పుడా ఆఖరిది కొట్టెయ్యండి.

అలా చూడకండి. ఇది ఆయన మాట కాదు, నాది.

తీగలు చూసేరా, ఎలా మెరుస్తున్నాయో. పొద్దున్న ఆయన కునుకు తీస్తున్నప్పుడు విప్పేను. అన్నం గిన్నెలో నీళ్ళు మరిగించి ఉడకబెట్టేను. తుడిచి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ బిగించేను. మద్రాసు నించి తప్ప దొరకవు గదండీ ఈ తీగలు. మన ఉప్పుగాలికి జిడ్డు పట్టేసినప్పుడు ఆయనే ఇలా చేసేవారు. చేసిన నెల్లాళ్ళూ విసుక్కునేవారు, ఇత్తడి గిన్నెలా ఖంగుమంటోంది అని. నాకు ఇవాళ ఆ ఖంగుమనడమే కావాలి. శ్రుతి మాత్రం మీరు చూసుకోండి, అదొక్కటీ నాకు చేతకాదు.

ఇదుగో, ఇది పట్టుకోండి. సబ్బుపెట్టె మూత. కత్తెరతో కోసి అంచు గచ్చు మీద అరగదీసేను. దీంతో వాయించండి. చెయ్యి బాగా వెనక్కి, తీగలు బిగించిన ఆ ఇనప్పట్టీ పక్కన పెట్టి గట్టిగా మీటండి. రెండో మర పూర్తిగా తిప్పెయ్యండి. సన్న తీగ మీద, పన్నెండో మెట్టు దాటి, స్వరం ఎంత సన్నబడితే అంత కిందకి జరిగి వాయించండి.

ఎవరు చెప్పేరంటారా? మైకు సెట్టు సూరిబాబు.

పొద్దున్న మైకు బూరాలు కట్టడానికి వచ్చేడు. వంతెన మీద నిలబెట్టి అడిగేను. బాబూ, మాస్టారి గిటారు మా ఇంటి అరుగు మీదకి ఇంకాస్త బాగా వినపడేలా చెయ్యగలవా అని. వాడు నాకేసి వింతగా చూసేడు. "ఇంకాస్తేంటండీ అమ్మగారూ? బూరాలు మాట కోసం చేసినవి. గొంతు పోతుంది, హార్మోనియం పోతుంది. ఆ అడుగు స్వరం బూరాలోంచి బైటికి రాదు. మాస్టారిది స్టేజీ మీద స్పీకరు పెట్టెలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. అందరికీ తెలుసు, ఆయన బాధపడతారని ఎవరం అనలేదు" అన్నాడు.

పెట్టె ఇటు తిప్పి కాలవ గట్టు మీద పెట్టవా అన్నాను. ఉన్నది ఒక్కటే పెట్టె, అది తీసేస్తే పాడేవాళ్ళకి వాళ్ళ పాట వాళ్ళకే వినపడదు అన్నాడు. నిజమే గదండీ, వాణ్ణేం అంటాం. చివరికి, బూరాలోంచి సన్నగా ఖంగుమనే స్వరమైతేనే వస్తుందని ఈ కిటుకులన్నీ చెప్పేడు.

వైరు ఊడినా ఎవరికీ ఎందుకు తెలీలేదో ఇప్పుడర్థమైందా? పన్నెండేళ్ళు నా చెవులకే జబ్బని సర్దిచెప్పుకున్నాను నేను.

మీకు తెలీదు. మస్కట్ నించి మా ఆడపడుచు భర్త ఈ బేసు గిటారు తెచ్చింది డెబ్బై రెండులో. ఆ ఏడు సభలకి మా అత్తగారు మంచంలో ఉన్నారు, నేను వెళ్ళలేదు. తర్వాత ఆవిడ పోయేక, బోధకులందరికీ భోజనాలు మా ఇంట్లోనే అన్నారు, ఇహ ఎప్పుడూ వెళ్ళలేదు. ఈ పెరట్లో పొయ్యి దగ్గరే నా సభలన్నీ. మొదటి రోజు ఆయన పరుగులాంటి నడకతో వంతెన దిగి వచ్చేరు. కాళ్ళైనా కడుక్కోకుండా, "జ్ఞానం, వినపడిందా?" అన్నారు.

పాట వినపడింది. డ్రమ్ములు వినపడ్డాయి. అమ్మాజీ వదిన వినపడింది. ఆయనది ఎక్కడుందో ఎంత వెతికినా నాకు చిక్కలేదు. నాకు సంగీతం తెలీదు గదా, ఉండే ఉంటుంది, నాకే పట్టుబడలేదు అనుకున్నాను. ఆ మొహం చూసి లేదని ఎలా అంటానండీ? "వినపడిందండీ, గుండెలో దడదడలాడింది" అన్నాను.

అంతే. ఒక్క మాట.

ఆ మాట పట్టుకుని పన్నెండేళ్ళు నిలబడ్డారాయన. బడిలో తోటి మాస్టర్లు ఏడిపించేవారు, "ఏంటండీ దానం గారూ, ఆ పొడుగు కర్ర పట్టుకుని గోక్కుంటారు, చప్పుడేదీ?" అని. "కాలవ దాటి మా ఇంట్లో వినపడుతుంది, మీ చెవులు బాగుచేయించుకోండి" అనేవారు. ఒక ఏడు కమిటీలో లేచింది మాట, అదెందుకండీ అని. పాస్టరు గారు ఇంటికొచ్చి నన్నే అడిగేరు. అమ్మా, నువ్వు ప్రార్థనాపరురాలివి, నువ్వు చెప్పు అన్నారు. ఆయన ఆ గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. నేను తల వంచుకుని, వినపడుతుందండీ అన్నాను.

ఐ.పోలవరం హెడ్మాస్టరుగా వెయ్యబోతే వద్దన్నారు, తెలుసా మీకు? శనివారం ప్రాక్టీసు పోతుందని. నేను పక్కనే ఉన్నాను, కిమ్మనలేదు.

అసలు ఆయన వాయించేది నాకు తెలీకపోలేదండీ. ఇంట్లో కరెంటు పెట్టె లేదు గదా, గిటారు కొసని ఈ వంటింటి తలుపుకి నొక్కి పెట్టి సాధన చేసేవారు. తలుపు చెక్క మొత్తం మోగేది. నేను ఇవతల వీపు ఆనించి కూచునేదాన్ని. వెన్నులోంచి వెళ్ళేది. అదీ ఆయన సంగీతమంటే నాకు తెలిసింది. సభల్లో అది కాలవ దాటి ఒక్కనాడూ రాలేదు.

ఇక నిన్న. అమలాపురంలో డాక్టరు గారు చూసి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఎందుకు పొమ్మన్నారో ఆయనకీ అర్థమైంది. దారంతా కళ్ళు మూసుకున్నారు. ఇంటికొచ్చేక, మంచం అరుగు మీద వెయ్యమన్నారు, కాలవ వేపు తల పెట్టి. ఎందుకండీ అన్నాను.

"ఎప్పుడూ పెట్టె పక్కన నిలబడ్డవాణ్ణే. ఇటు ఎలా వినపడుతుందో నాకు తెలీదు. నువ్వే చెప్పేదానివి. రేపు నేనూ వింటాను" అన్నారు.

మీకర్థమౌతోందా మోషే గారూ? ఇంకేమీ అడగలేదు. పిల్లల్ని పిలిపించమనలేదు. అది వినాలి అన్నారు.

తలుపు సంగతి నేనూ అనుకున్నాను. మోషే గారొచ్చి మంచం పట్టెకి ఆనించి ఒక పాట వాయిస్తారండీ అన్నాను. తల అడ్డంగా ఊపేరు. ఇంట్లోది కాదట, కాలవ దాటి వచ్చేది వినాలట. పన్నెండేళ్ళు నేను విన్నది.

అది నిజంగానే కాలవ దాటకపోతేనో అని తెల్లవార్లూ మోకాళ్ళ మీదే ఉన్నాను. ఏమని అడగనండీ? నా అబద్ధం నిలబెట్టు ప్రభువా అనా? చివరికి తీగలు ఉడకబెట్టుకున్నాను.

ఆయనకి తెలిసిపోతుంది అంటారా, ఇది ఆయన పద్ధతి కాదని? తెలియనివ్వండి. మోషే గోకుతున్నాడు, నే చెప్పిందేంటి వాడు చేసేదేంటి అని మిమ్మల్ని తిట్టనివ్వండి. తిట్టాలంటే వినపడాలి గదా. రేపు మీకు ఆ తిట్లన్నీ నేనే పలికి చెప్తాను, ఒక్క మాట తగ్గించకుండా. కొండలరావు గారు నవ్వుతారు, పాస్టరు గారు ఇదేం మోత అంటారు. మీ పేరు పోతుంది. నాకు తెలుసు, తెలిసే అడుగుతున్నాను. అన్ని పాటలూ అక్కర్లేదు. మూడో పాట, అదొక్కటి. ఆయనకిష్టమైనది అదే. ఆ నాలుగు చరణాలు గిన్నె మోగినట్టు మోగించండి. తర్వాత మళ్ళీ వేళ్ళతో ఆయన చెప్పినట్టే వాయించుకోండి.

వస్తుందో రాదో సూరిబాబు కూడా చెప్పలేకపోయేడు. "చేసి చూద్దామండీ, కాస్త పలచగా ఏదన్నా వస్తే రావచ్చు" అన్నాడు. పలచగానైనా చాలు. అది వచ్చేదాకా నేను ఊపిరి కూడా పీల్చను.

అదుగో. హలో హలో అంటున్నాడు సూరిబాబు. వాడు దగ్గింది కూడా వినపడుతోంది చూసేరా.

ఆయన మూలుగుతున్నారు. మొదలెట్టేసేరా అని అడుగుతున్నారు. లేదండీ, ఇంకా టెస్టింగే. వస్తున్నాను.

వెళ్ళండి ఇక. నేను మంచం పక్కనే కూచుంటాను. వస్తే సరే. రాకపోతే ఆయన నాకేసి తిరుగుతారు. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో అయితే కోప్పడేవారు, పన్నెండేళ్ళు నన్ను వెర్రివాణ్ణి చేసేవా అని. ఆ కోపం నేను పడగలను, పడాలి కూడా. కానీ నాకు ఆయన సంగతి తెలుసు గదా. బూరాలోంచి ఏమీ రాకపోయినా, కాసేపు అలా నా మొహం చూసి, "వినపడింది జ్ఞానం" అంటారు. అది నేను పడలేను మోషే గారూ.

పీట మర్చిపోతున్నారు.