ఎర్నెస్టీన్ ఫైలు మీద చీటీ

2006. షార్జా, అల్ నహ్దాలో ఒక ప్రైవేటు ఆస్పత్రి. డ్యూటీ మధ్యలో రికార్డు గదికి వచ్చిన నర్సు దయాకుమారి, అక్కడ గుమాస్తాగా ఉన్న వరసకి అన్న యేసురత్నం బల్ల ముందు నిలబడింది. బల్ల మీద రెండు ఫైళ్ళు. ఒకటి ఆమెది, రెండోది ఎర్నెస్టీన్‌ది.

“అది కాదన్నయ్యా, ఆవిడ ఫైలు మీద ఈ పసుపు చీటీ ఏంటి?”

“నీ మంచికేలే. కూర్చో. చాయ్ చెప్పనా?”

“చాయ్ వద్దు. ఏం రాశావు దీని మీద?”

“ఇంగ్లీషేగా. చదువుకో.”

“‘ఈమె చదివింది అమెరికాలో నల్లవారి కోసం పెట్టిన కాలేజీ. ప్రమాణాలు సందేహాస్పదం.’ ఎవరడిగారు నిన్ను ఇది రాయమని?”

“ముదీర్‌కి, అదే మన డైరెక్టరుకి, ఫైలంతా తిరగేసే తీరికెక్కడిది దయా? నా చీటీ చదువుతాడు, సంతకం గీకుతాడు, ఖలాస్. ట్యూటరు పోస్టు ఒక్కటే. వడపోసి వడపోసి మిగిలింది ఇద్దరు. ఆ ఎర్నెస్టీన్, నువ్వు. పోస్టుతో పాటు ఫ్యామిలీ వీసా, ఫ్లాటు. కూతురు హెప్సీని తెచ్చుకుంటానని నాలుగేళ్ళుగా ప్రార్థన కూటంలో ఏడుస్తున్నావు కదా? ఇదిగో జవాబు. నా చేత్తో అంటించాను.”

“దేవుణ్ణి ఇందులోకి లాగకు.”

“లాగనులే. నువ్వూ ఆయనకి చెప్పకు.”

“ఎర్నెస్టీన్ మేడమ్ పోయినేడు మూడు నెలలు ఇక్కడికొచ్చి మాకు పాఠాలు చెప్పింది అన్నయ్యా. ఐసీయూ మిషన్లు నా చెయ్యి పట్టుకుని నేర్పింది ఆవిడే.”

“నేర్పలేదన్నానా? కాలేజీ సంగతి మాట్లాడుతున్నా. నల్లోళ్ళ కాలేజీ. అంతా రిజర్వేషన్ బాపతు. పిలిచి సీటిస్తారు, పిలిచి పాసు చేస్తారు.”

“నల్లోళ్ళు, నల్లోళ్ళు... నీ రంగేంటి?”

“నాది చామనఛాయ.”

“పెళ్ళిచూపుల్లో కూడా అలాగే చెప్పుంటారు.”

“ఇప్పుడు నా పెళ్ళెందుకు?”

“పిలిచి సీటిచ్చారా! అక్కడ చాలాచోట్ల బానిసకి అక్షరం నేర్పితే నేరం, తెలుసా? చట్టమే ఉండేది. విడుదలయ్యాక మాత్రం ఏ కాలేజీ గుమ్మం ఎక్కనిచ్చింది వాళ్ళని? చర్చి కింద గదిలో బల్లలేసుకున్నారు. కొన్నిచోట్ల ఇటుకలు పిల్లలే కాల్చుకున్నారు. ఇంకోచోట పిల్లలు ఊరూరా పాటలు పాడి, ఆ డబ్బుతో బిల్డింగు లేపారు. మేడమ్ వాళ్ళ ముత్తవ్వ అరవయ్యేళ్ళకి మనవరాలి పక్కన కూర్చుని ఏబీసీడీలు దిద్దిందంట.”

“అరవయ్యేళ్ళకి దిద్ది ఏ ఉద్యోగం చేద్దామని?”

“బైబిలు చదువుకుందామని.”

“పాస్టరు చదివి వినిపిస్తాడుగా.”

“పాస్టరు ఏ పేజీలు వదిలేస్తున్నాడో చూద్దామని!”

“బాగానే నేర్పింది నీకు. సరే, అదంతా తాతల నాటి సంగతి. ఇప్పుడు ఏ కాలేజీలోనైనా చేరొచ్చుగా? ఇంకా విడిగా ఎందుకు వాళ్ళకి?”

“శుక్రవారం శుక్రవారం నువ్వు మన తెలుగు కూటానికి ఎందుకొస్తున్నావు? మలయాళీల కూటం పెద్దది. ఏసీ కూడా బాగా పనిచేస్తుంది.”

“అక్కడ నన్ను పెద్దల వరసలో కూర్చోబెట్టరు.”

“ఆ. అందుకే.”

“అదీ ఇదీ ఒకటేనా?”

“నువ్వెక్కడ చదివావు అన్నయ్యా?”

“గుంటూరు.”

“గుంటూరులో ఎక్కడ?”

“గుంటూరులోనే.”

“ఏ స్కూలు?”

“మెల్లగా! పక్క గదిలో బాలసుబ్రహ్మణ్యం ఉన్నాడు.”

“మిషను స్కూలు. మిషను హాస్టలు. దొరసాని పెట్టింది. మన పేట పిల్లల్ని ఊరి బళ్ళో లోపల కూర్చోనివ్వకపోతే పెట్టింది. మరి నీ ప్రమాణాలకి సందేహం లేదా?”

“నేను సీవీలో ఆ పేరు రాయలేదు.”

“రాయలేదు. ‘కాన్వెంటు’ అని రాశావు. పేరు చివర చౌదరి తగిలించావు.”

“ఇక్కడ ట్యాక్సీ తోలే బెంగాలీకి కూడా చౌదరి ఉంటుంది. ఎవరు పట్టించుకుంటారు?”

“ఎవరూ పట్టించుకోనప్పుడు తగిలించడమెందుకు?”

“చూడు, నీ నర్సింగు స్కూలు కూడా ఆ బాపతే. దాని మీద చీటీ అంటించానా? లేదు. అదేంటో ఇక్కడ ఎవడికీ తెలీదు కాబట్టి బతికిపోయావు. ఈవిడేమో కాలేజీ చరిత్ర మొత్తం పుస్తకం కొట్టించి ఫైలుకి కుట్టింది! బొమ్మలతో సహా. దాచుకోవాల్సింది ఎవరైనా ఊరేగిస్తారా?”

“దాచుకోవాల్సిందా? ఆ నర్సింగు స్కూలు లేకపోతే నేను ఇప్పుడు మిరపచేలో కాయ కోస్తుండేదాన్ని. ఏ రోజూ ఆ స్కూలు పేరు గట్టిగా చెప్పలేదు. ఆవిడ నిలబడి, అంతమంది డాక్టర్ల ముందు, మా కాలేజీ బానిసలుగా బతికిన మావాళ్ళు కట్టుకున్నదని చెప్పింది. నేను వెనక కూర్చుని తలొంచుకున్నాను.”

“ఏడవకు. ఎవరన్నా వస్తారు.”

“ఏడవట్లేదు. సిగ్గేస్తోంది. నీ మీద కాదు. నీ మీద కూడా.”

“అబ్బా... సరే తల్లీ, పీకేస్తాను. ‘ఇద్దరూ అర్హులే’ అని కొత్త చీటీ రాస్తాను. చాలా? అప్పుడు ముదీర్ ఎవర్ని తీసుకుంటాడు?”

“అది ఆయనిష్టం.”

“చెప్పు. ఆవిడది అమెరికా డిగ్రీ, ఇరవయ్యేళ్ళ సర్వీసు. ఎవర్ని తీసుకుంటాడు?”

“ఆవిడనే.”

“మరి హెప్సీ?”

“మా అక్క దగ్గరే ఉంటుంది. ఉంటోందిగా ఇన్నాళ్ళూ. రెండేళ్ళప్పుడు వదిలొచ్చాను, ఇప్పుడు ఆరు. అక్కని అమ్మా అంటుంది. నిన్న ఫోన్లో నన్ను ఆంటీ అంది.”

“చిన్నపిల్ల.”

“చిన్నపిల్లే.”

“నువ్వు చెప్పిందీ న్యాయమే దయా. నాదే తప్పు. ఆవిడ ముత్తవ్వకి నా వందనాలు. ఇదిగో, చెయ్యి చీటీ మీదే ఉంది. పీకెయ్యనా?”

“ముదీర్ ఫైళ్ళు ఎన్నింటికి చూస్తారు?”

“ఒంటిగంటకి. నమాజు చేసొచ్చి.”

“అయితే రెండింటికి పీకెయ్యి.”