చంద్రుడు కెమెరాలో ఇరుక్కున్న సాయంత్రం

టీ కొట్టు ముందు బల్ల మీద ఫ్లాష్ బాబాయి కూర్చున్నాడంటే పక్కవాళ్ళ చేతిలో టీ చల్లారిపోవడం ఖాయం. ఒకప్పుడు ఆయనకి ఫోటో స్టూడియో ఉండేది. ఇప్పుడు స్టూడియో లేదు గానీ నోరు మాత్రం అలాగే నడుస్తోంది.

ఆ సాయంత్రం మందుల షాపాయన తన మేనకోడల్ని వెంటబెట్టుకుని దిగులు మొహంతో వచ్చాడు. అమ్మాయి మెడలో కెమెరా, చేతిలో స్టాండు. సంగతేమిటంటే, ఆయన తల్లి తుంటి విరిగి మంచం పట్టింది. ఆ గది కిటికీలోంచి చూస్తే పక్కింటి గోడ తప్ప ఇంకేమీ కనపడదు. నిండు చంద్రుణ్ణి ఒక్కసారి చూడాలనుందే అందట ముసలావిడ. మనవరాలు ఎవరినో బతిమాలి కెమెరా తెచ్చి, నిన్న ఫోటో తీసి చూపిస్తే, ‘ఏ వీధి దీపమే ఇది?’ అని అడిగిందట. రేపటికి చంద్రుడు తరగడం మొదలుపెడతాడు, కెమెరా కూడా తిరిగి ఇచ్చెయ్యాలి.

బాబాయి ఆ ఫోటో చూశాడు. నల్లటి ఆకాశంలో తెల్లటి బిళ్ళ, దాని మీద మచ్చన్నది లేదు.

“ఓస్, ఇంతేనా,” అన్నాడు. “చుట్టూ చీకటి చూసి కెమెరా కంగారుపడి వెలుతురంతా తాగేసిందమ్మా. చీకటి మనకి గానీ చంద్రుడికి కాదు. అక్కడ మిట్టమధ్యాహ్నం, ఎండ మాడ్చేస్తోంది. ఎండలో నిలబడ్డ మనిషిని ఎలా తీస్తావో అలాగే తియ్యి. ఐఎస్ఓ వంద, వెలుతురొచ్చే కన్నం, అదే ఎపర్చర్, పదకొండు, షట్టర్ సెకనులో నూట పాతికో వంతు. ఫోకస్ చేత్తో తిప్పుకో. బటన్ వేలితో నొక్కితే కదిలిపోతుంది, టైమర్ పెట్టు.”

అక్కడితో ఊరుకుంటే ఆయన బాబాయి ఎందుకవుతాడు? ఓ పాత మేడ మీద తాను తీసిన చంద్రుడి సంగతి ఎత్తుకున్నాడు. అందులో కుందేలు చెవులు స్పష్టంగా కనిపించాయట. చెవులేం ఖర్మ, మీసాలు కూడా లెక్కపెట్టుకోవచ్చట. పక్కనున్న టైలర్ నవ్వాడు, మందుల షాపాయన మొహం కూడా కాస్త విచ్చుకుంది. అమ్మాయి మాత్రం నవ్వలేదు. లేచి రోడ్డు వారగా వెళ్ళి, వీపు ఇటు పెట్టి, స్టాండు కాళ్ళు సర్దుకుంటోంది. ముందున్న మనిషి నవ్వకపోతే బాబాయికి ప్రాణం ఒప్పదు. గొంతు ఒక మెట్టు పెంచాడు.

ఆ లెన్సు ఎంత పొడుగనుకున్నారు, కెమెరా ఈ వీధిలో ఉంటే లెన్సు మూత పక్క వీధిలో ఉండేదట, మూత తీసి రావడానికి బయల్దేరితే దారిలో దాహం వేసేదట. గాలి పీలిస్తే చంద్రుడు అదిరిపోతున్నాడని, ఉదయించినప్పటి నుంచి అస్తమించేదాకా ఊపిరి బిగబట్టాడట.

“అంతసేపా?” అన్నాడు టైలర్.

“పెళ్ళి గ్రూపు ఫోటోలు తీసినవాడికి అదో లెక్కా?”

ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెలుతురు ఎక్కువైందని ఎపర్చర్ బిగించాడట. ఇంకాస్త బిగించాడట. అలా బిగిస్తూపోతే ఊరి మీద వెన్నెలంతా సన్నటి దారంలా సాగి లెన్సులోకి దూరిపోయిందట. అమ్మాయి ఇంకా వెనక్కి తిరగలేదు. ఇక లాభం లేదనుకున్నాడు బాబాయి. ఉన్న కోతల్లో పెద్దది బయటికి తీశాడు.

అప్పుడు షట్టర్ వేగం పెంచాడట. ఎంత వేగమంటే లోపలికొచ్చిన చంద్రుడు బయటపడేలోగా టక్కున మూసుకుపోయిందట. పైకి చూస్తే ఆకాశం ఖాళీ. కుక్కలకి ఎటు చూసి ఏడవాలో తెలియలేదు. సముద్రం పొంగాలో తగ్గాలో తేల్చుకోలేక ఎక్కడిదక్కడే నిలబడిపోయింది. ఇంటికెళ్తే కెమెరా సంచీ లాంతరులా వెలుగుతోందట. నిద్ర పట్టడం లేదని భార్య దాని మీద రెండు దుప్పట్లు కప్పి, ఆర్పుతారా లేదా అని కసిరిందట.

“అప్పుడు నేనేం చేశానో తెలుసా?”

“బాబాయ్‌గారూ,” అంది అమ్మాయి. ఎప్పుడొచ్చిందో, ఆయన వెనకే నిలబడి ఉంది. కెమెరా ఆయన చేతిలో పెట్టింది. తెర మీద చంద్రుడు, గుండ్రంగా, నిండుగా. మచ్చలు, గుంటలు, అంచున గరుకుదనం, అన్నీ ఉన్నాయి.

“మీరు చెప్పినట్టే పెట్టాను. సరిగ్గా మీరు చంద్రుణ్ణి సంచీలో వేసుకుని ఇంటికెళ్తున్నప్పుడు తీశాను. ఎక్కడికీ పోలేదండీ, ఆ నీళ్ళ ట్యాంకు పైనే ఉన్నాడు.”

టైలర్ పడీ పడీ నవ్వాడు. టీ కొట్టాయన గ్లాసులు కడగడం ఆపి మరీ నవ్వాడు. బాబాయి చెవులు వేడెక్కాయి. అయినా చూపు తెర మీది నుంచి రాలేదు. బటన్ నొక్కి పెద్దది చేశాడు, ఇంకా పెద్దది చేశాడు. ఎక్కడా అలుక్కుపోలేదు.

“ఫోకస్ బాగా కుదిరిందమ్మా,” అన్నాడు చివరికి, మామూలు గొంతుతో. “వెళ్ళు, ఆవిడ నిద్రపోకముందే చూపించు.”

అమ్మాయి కెమెరా అందుకుని పరుగులాంటి నడకతో వెళ్ళింది, వెనకాలే మేనమామ. టైలర్ కళ్ళు తుడుచుకుంటూ, ఇంతకీ సంచీలో చంద్రుణ్ణి ఏం చేశావు బాబాయ్ అని అడిగాడు.

బాబాయి గొంతు సవరించుకున్నాడు.

“ఏం చేస్తాను? ఎవరో ముసలావిడ చూడాలందంటే ఇప్పుడే ఇచ్చి పంపాను.”