రెండో పొయ్యి

దొంగ పొయ్యిలా? ఆ మాట రాయడానికి మీకు చేతులెలా వచ్చాయి మాష్టారూ?

లేవకండి, కూర్చోండి. తలుపు నేనే వేస్తాను. మీ అక్కయ్యగారు బజారుకెళ్ళారు. ఆవిడ గేటు దాటేదాకా వీధి చివర నిలబడి మరీ వచ్చాను. ఎందుకో చెప్తాను, తొందరేముంది.

సంతకానికి వచ్చాననుకున్నారా? అయ్యో, పెన్ను మూత తీసి మరీ పెట్టారే! ఎంత నమ్మకం మీకు నా మీద! మూత పెట్టెయ్యండి, సిరా ఆరిపోతుంది.

మొన్న ఫోన్లో ఏమన్నారు? "రిపోర్టు పంపిస్తున్నానమ్మాయ్, సంతకం పెట్టేయ్, ఇంటర్వ్యూ సంగతి నేను చూసుకుంటాను" అన్నారు. రెండూ ఒకే వాక్యంలో అన్నారు. మధ్యలో ఊపిరైనా తీసుకోలేదు. వితంతు పింఛన్లు ఎవరికివ్వాలో తేల్చే కమిటీకి మీరు అధ్యక్షులు. యూనివర్సిటీలో మీరు ఖాళీ చేసిన సామాజిక న్యాయ పీఠానికి, ఆ పెద్ద కుర్చీకి, మనిషిని ఎంచే వాళ్ళలోనూ మీరే పెద్ద. నేను అక్కడ సభ్యురాలిని, ఇక్కడ అభ్యర్థిని. బేరం ఎంత సులువు చూడండి!

బేరం కాదంటారా? సరే, ఆశీర్వాదం అనుకుందాం.

మీ రిపోర్టు నిన్న పొద్దున బస్సులో నిలబడి చదివాను. నా మొహం ఎలా మారిపోయిందో ఏమో, పక్కనున్నావిడ "ఏమైందమ్మా, ఎవరైనా పోయారా?" అని అడిగింది. అవునమ్మా, మా మాష్టారు పోయారు అందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది.

ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళంతా ఒకే కుటుంబం. సర్వే పాఠాల్లో మొదటిది. మీరే చెప్పారు మాకు, బోర్డు మీద పొయ్యి బొమ్మ వేసి మరీ. అది పొయ్యిలా లేదు, బోర్లించిన టోపీలా ఉందని వెనక బెంచీ వాళ్ళు నవ్వారు. అప్పుడే అర్థమవ్వాల్సింది నాకు, మీరు పొయ్యిని సరిగ్గా చూడలేదని!

ఆ నిర్వచనం పట్టుకుని కదా ఇన్నాళ్ళూ పింఛన్ల లెక్క నడిపించారు? మొగుడు పోయి అన్న పంచన చేరిన మనిషి ఉందనుకోండి. అన్న ఇంట్లో ఫ్రిజ్జుంది, మోటారు సైకిలుంది. అవన్నీ ఆవిడవి కూడానట. ఆ ఫ్రిజ్జు తలుపు తియ్యాలంటే ముందు వదిన మొహం చూడాలి. ఆ బండి మీద ఆవిడ ఎక్కింది జ్వరమొచ్చి ఆస్పత్రికెళ్ళిన నాడే. అయినా మీ లెక్కలో ఆవిడ కలవారింటి మనిషి. పింఛను లేదు, పో!

మరి వాళ్ళేం చేస్తారు? సర్వే వాళ్ళొస్తున్నారంటే పెరట్లో మూడు ఇటుకలు పేర్చి, గిన్నె పెట్టి, "నేను వేరే వండుకుంటున్నానండీ" అంటారు. ఏం, అనకూడదా?

మీరు దానికి దొంగ పొయ్యి అని పేరు పెట్టారు. తనిఖీకొచ్చిన మనిషి బూడిదలో చెయ్యి పెట్టి చూడాలట. చల్లగా ఉంటే అక్కడికక్కడే పేరు కొట్టెయ్యాలట. దానికో సిఫార్సు, ఆ సిఫార్సుకో నంబరు! ఎవరు పెడతారు మాష్టారూ ఆ చెయ్యి? మీరు పెడతారా? మీ చేతికి ఈ జన్మలో బూడిదంటిందా?

ఏమిటీ? నెమ్మదిగా మాట్లాడాలా? "అమ్మాయ్" అనకండి. నాకు యాభై దాటాయి. మోకాళ్ళు నొప్పి. మీ మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసం. ఈ వయసులో నన్ను అమ్మాయ్ అనేవాళ్ళు ఇద్దరే మిగిలారు, ఇద్దరూ ఈ ఇంట్లోనే ఉన్నారు.

అసలు ఈ రెండో పొయ్యిల సంగతి మీకు మొదట చెప్పిందెవరు? గుర్తుందా?

నేను. మీ దగ్గర పరిశోధనకు చేరిన కొత్తలో సందు సందూ తిరిగి వచ్చి చెప్పాను. బట్టలు కుట్టుకునే ఒకావిడ ఇంటి వెనక చిన్న పొయ్యి చూపించింది. "దీని మీద పెద్దగా వండేదేం లేదమ్మా. కానీ ఇది రాజేసిన పూట మా వదిన గొంతు కాస్త తగ్గుతుంది" అంది. ఎన్ని పుస్తకాలు చదివితే ఆ మాట దొరుకుతుంది? పరుగెత్తుకుంటూ వచ్చి మీ గదిలో చెప్పాను. ఆ మాట చుట్టూ ఒక అధ్యాయం రాశాను. నాలుగో అధ్యాయం.

మీరు పెన్సిలు తీసుకుని మొదటి పేజీ నించి చివరి పేజీ దాకా ఒకే గీత గీశారు. "ఇది అర్థశాస్త్రం కాదమ్మాయ్, ఆడవాళ్ళ కబుర్లు" అన్నారు. నవ్వుతూనే అన్నారు లెండి. మీరెప్పుడూ నవ్వుతూనే అంటారు.

తీసేశాను. ఏం చెయ్యను మరి? కడుపులో పిల్ల, నెలలు నిండుతున్నాయి. అది పుట్టేలోపు థీసిస్ అయిపోవాలి. మౌఖిక పరీక్ష నాడు పొట్ట బల్లకి తగులుతుంటే కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చున్నాను. బయటి నుంచొచ్చిన పెద్దమనిషి మొదటి ప్రశ్న ఏమడిగాడు? "మీవారేం చేస్తారమ్మా?" మీరు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ దవడల్లో నొప్పెడుతుంది.

తర్వాత మీ పుస్తకం వచ్చింది. పేదల గురించి ఇంత మనసు పెట్టి రాసిన వాడు లేడన్నారు అందరూ. నిజమే, బాగా రాశారు. అందులో సగం సందులు నేను తిరిగినవి. ముందుమాటలో నా వాటాకి ఏమొచ్చింది? "క్షేత్ర పర్యటనలో సాయపడిన చిరంజీవికి శుభాశీస్సులు." పేరు కూడా లేదు మాష్టారూ! అక్షింతలు వేసి పంపించేశారు.

అప్పటినించీ నేను డిపార్టుమెంటులో పొయ్యి మేడమ్. నా సబ్జెక్టుకి స్టాఫ్ రూములో పెట్టిన పేరు ఏడుపు ఎకనామిక్స్. మీకు తెలుసుగా ఆ పేరు ఎవరు పెట్టారో? మన గ్రాఫుల అబ్బాయి! అదే, ఏమడిగినా బోర్డు మీద రెండు గీతలు గీసి చూపిస్తాడు, వాడు. వాడి థీసిస్‌లో తప్పులు దిద్దింది నేను. నాకంటే ముందు ప్రొఫెసర్ అయింది వాడు. ఎల్లుండి ఇంటర్వ్యూకి నా పక్క కుర్చీలో కూర్చోబోయేదీ వాడే. "మేడమ్, మీరు ముందెళ్తారా, నేను వెళ్ళనా?" అని మర్యాదగా అడుగుతాడు కూడా.

కమిటీలో మాత్రం ఏం తక్కువ జరిగింది? ఎనిమిది మంది మగవాళ్ళు దేశంలో పేదరికం గురించి మాట్లాడి మాట్లాడి అలిసిపోయాక నా వైపు తిరిగి, "ఆ మహిళల పేరా ఏదో మేడమ్ గారు రాసేస్తారు" అన్నారు. పింఛను తీసుకునేదే వితంతువులైతే, ఇక మహిళల పేరా ఏమిటండీ విడిగా? మగ వితంతువుల పేరాలు తమరు రాస్తారా?

నవ్వొచ్చిందా? నవ్వండి. ఇంకాసేపట్లో రాదు.

రిపోర్టు చివర్న అనుబంధంలో ఒక పట్టిక ఉంది. నా పట్టిక అది! మీరు గీత కొట్టేసిన నాలుగో అధ్యాయంలోది. నేను పెట్టిన శీర్షిక, "వేరు పొయ్యి పెట్టుకున్న స్త్రీలు". మీరు పెట్టింది, "మోసపూరితంగా విడిపోయిన కుటుంబాలు". అంకెలు అవే. దశాంశం కూడా పక్కకి జరగలేదు.

అంటే ఇన్నేళ్ళూ ఆ కాగితాలు మీ బీరువాలో ఉన్నాయి. ఆడవాళ్ళ కబుర్లని ఎవరైనా బీరువాలో పెట్టి తాళం వేసుకుంటారా మాష్టారూ?

నా పేరు లేకుండా వాడుకున్నందుకు కాదు నా మంట. అది అలవాటైపోయింది. నన్ను ఇంట్లోకి పిలిచి, తన పొయ్యి చూపించి, మనసులో మాట చెప్పిన మనిషిని నా చేత్తోనే దొంగల జాబితాలో వేయించారు చూడండి, అందుకు!

మీరేమంటారో తెలుసు. "ఇంటికొచ్చింది ఇంట్లో అందరికీ అందుతుంది." మీ సిద్ధాంతమంతా ఆ ఒక్క వాక్యం మీదే నిలబడింది. ఎక్కడ దొరికింది మీకా వాక్యం? ఏ సర్వేలో తేలింది? నేను వెతికాను. ఎక్కడా లేదు. మీ ఇంట్లో చూసి రాశారు. మీ అక్కయ్యగారిని చూసి రాశారు.

అవును, ఆవిడ గురించే. ఇరవై మూడేళ్ళకి బొట్టు చెరిపేసుకుని మీ ఇంటికొచ్చారు. మీ పిల్లల్ని పెంచారు. మీ ఆవిడగారు పోయాక ఇల్లంతా ఆవిడే. మీకు అన్నం వేడిగా ఎలా వస్తుందో ఇప్పటికీ మీకు తెలీదు.

పోయిన ఆదివారం ఇక్కడికి కమిటీ మీటింగుకి వచ్చినప్పుడు గ్లాసులు పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. మీరంతా హాల్లో పేదల గురించి మాట్లాడుతున్నారు. ఆవిడ నన్ను మోచేత్తో పొడిచి, "అమ్మాయ్, ఆ పింఛను నాకూ వస్తుందా?" అని అడిగారు.

"మీకెందుకండీ అక్కయ్యగారూ?" అన్నాను. ఎంత చదివినా నోట్లోంచి వచ్చేది ఇలాంటి ప్రశ్నే.

"ఎందుకేమిటే! కళ్ళజోడు మార్చుకోవాలంటే వీణ్ణి అడగాలి. అడిగితే ఇస్తాడు, లేదనడు, బంగారం లాంటివాడు. కానీ 'ఎందుకూ?' అంటాడు. ఎందుకూ అని ఎవరూ అడగని డబ్బు ఒక్కసారి పట్టుకుని చూడాలనుంది, పోయేలోపు."

"రాదండీ. ఈ ఇల్లు, కారు, మాష్టారి హోదా... అన్నీ మీవే కదా లెక్క ప్రకారం" అన్నాను.

"నావా!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ నవ్వు వినిపించలేదా మీకు? హాల్లోకి వచ్చింది. కమిటీలో వాడూ ఉన్నాడుగా, మీ గ్రాఫుల అబ్బాయి, తల తిప్పి చూశాడు కూడా.

నవ్వడం అయ్యాక గొంతు తగ్గించి అడిగారు. "పోనీ, వెనక వరండాలో చిన్న స్టవ్వు పెట్టుకుంటే?"

మాష్టారూ! విన్నారా? మీ అక్కయ్య. మీ వంటింటి వెనక. రెండో పొయ్యి!

ఏం చెప్పమంటారు నన్ను? అది మోసం అక్కయ్యగారూ, తమ్ముడుగారు బూడిదలో చెయ్యి పెట్టి చూస్తారు అని చెప్పనా?

అలా చూడకండి. "ఎప్పుడైనా లేదన్నానా?" అంటారు, అంతేగా? అనలేదు. ఆవిడా అదే అన్నారు. లేదనకపోవడం, ఇవ్వడం ఒకటే అనుకుంటున్నారు మీరు. ఇన్ని పుస్తకాలు రాసి కూడా.

నేను చాడీలు చెప్పడం లేదు. "మాష్టారికి చెప్పమంటారా?" అని ఆవిణ్ణే అడిగాను. "చెప్పు, నాకేం భయం? కాకపోతే నేను ఇంట్లో లేనప్పుడు చెప్పు. చిన్నప్పటి నుంచీ వాడు మొహం ముడుచుకుంటే నేను చూళ్ళేను" అన్నారు. అందుకే ఇలా వీధి చివర కాపు కాశాను. సంతోషమా?

సంతకం చెయ్యను. నా అసమ్మతి ఈ పొద్దున్నే కార్యదర్శి చేతికిచ్చి వచ్చాను. పట్టిక ఎవరిదో రాశాను. దాని అసలు శీర్షిక రాశాను. బూడిద తనిఖీ ఎత్తెయ్యాలని, పింఛను ఇంటికి కాదు మనిషికి ఇవ్వాలని రాశాను. మీ అక్కయ్యగారి మాట రాయలేదు, అది మీకు చెప్పడానికే ఉంచాను. సభ్యుల అసమ్మతి రిపోర్టుతో పాటు అచ్చు వెయ్యాలన్నది మీరు పెట్టించిన నియమమే. ఆ రోజుల్లో మీకూ అసమ్మతి ఉండేది.

ఇక ఎల్లుండి సంగతి.

దరఖాస్తు వెనక్కి తీసుకుని, తల ఎత్తుకుని వెళ్ళిపోతుంది, కథ బాగుంటుంది అనుకుంటున్నారేమో. తీసుకోను. నేనంత గొప్పదాన్ని కాను. ఆ కుర్చీ నాకు కావాలి మాష్టారూ! తలుపు మీద నా పేరుండాలి. నా దగ్గరకొచ్చిన పిల్ల రాసిన నాలుగో అధ్యాయం మీద ఎవడూ పెన్సిలు పెట్టకూడదు. ఎంత కావాలో చెప్పనా? నిన్న బస్సు దిగి, ఆ పట్టిక చూసిన కళ్ళతోనే, రిపోర్టు చివరి పేజీ మీద సంతకం మొదలుపెట్టాను. మొదటి అక్షరం రాశాను. కమ్మగా వచ్చింది అక్షరం. దాన్ని కొట్టెయ్యడానికి మధ్యాహ్నం దాకా పట్టింది నాకు.

అదిగో, గేటు చప్పుడు. కళ్ళు తుడుచుకోండి, ఆవిడ చూడలేరు.

ఎల్లుండి వస్తాను. మీ ఎదురుగా కూర్చుంటాను. మీరు ఆ అబ్బాయికే ఇస్తారని తెలుసు. తెలిసే వస్తాను. ఏం చెయ్యను మరి? సందులు తిరిగి రాయడం, నాకు వచ్చిన పని ఇదొక్కటే.