బండి ఆపు బావా

హలో… ఆ, నేనే బావా, మమతను. చెప్పు.

…

ఎవరికి చెప్పిన?… మీ అమ్మకు నేను చెయ్యలే, ఆమెనే ఫోన్ చేసింది. బాపు ఎట్లున్నడని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పిన. "మీ కొడుకు వేణుమాధవ్ మా కారు అడిగి తీస్కపోయిండు, పంచరైతే స్టెప్నీ ఎక్కించి, నట్లు సక్కగ బిగియ్యక తెచ్చి పెట్టిండు, మన జైపూర్ దగ్గర బాపూ నేనూ సావు తప్పిచ్చుకున్నం" అని చెప్పిన. దీంట్ల అబద్ధమేమున్నది?

…

ఇజ్జత్ తీసిననా? ఓహో… గిప్పుడు ఫోన్ చేసింది గందుకా? నిన్నటి సంది ఒక్కసారన్న చేసినవా? "మామకు ఎట్లున్నది" అని ఒక్క మాట అడిగినవా?

…

నొసట కుట్లు పడ్డయి. రాత్రంతా తల పట్టుకోని కూసున్నడు… తక్కువనే పడ్డయా? అవు బావా, తక్కువనే పడ్డయి. సంతోషమేనా?

…

నా డ్రైవింగా? నా డ్రైవింగ్ గురించి నువ్వు మాట్లాడకు. రోజూ డ్యూటీకి అదే బండిల పోతున్న నేను. రోజూ అదే గుంతలు, అదే బొగ్గు టిప్పర్లు. ఏనాడన్న చక్రం ఊడిందా? నువ్వు తీస్కపోయి తెచ్చినంకనే ఎట్ల ఊడింది?

…

విను. ఒర్లకు, విను ముందుగాల. ఇంట్ల నుంచి ఎల్లంగనే మెల్లగ టక్, టక్ అని చప్పుడు. టైర్ల రాయి ఇరికిందేమో అనుకున్న. జోరు పెంచితె చప్పుడు పోయింది, స్టీరింగ్ వణుకుడు షురూ అయింది. బాపు అన్నడు, "బిడ్డా, పక్కకు ఆపు, ఇది మంచిగ లేదు" అని. ఆపుదామని బ్రేక్ గట్టిగ తొక్కిన. చక్రం పక్కకు వొరిగింది, బండి గుంజుకపోయి రాళ్ల కుప్పకు కొట్టింది. ఎనుక లారీ వస్తే ఇయ్యాల నువ్వు ఎవరికి ఫోన్ చేస్తుంటివి?

…

గట్టిగనే బిగించినవా? పానా మీద కాలు పెట్టి తొక్కినవా?… జాకీ మీద ఉండంగనే గదా?… గదే చెప్తున్న. చక్రం గాల్ల ఉంటె బిగిసినట్టు అనిపిస్తది, బిగియ్యదు. టైరు నేల మీద ఆనినంక మల్ల పానా పెట్టాలె. ఒకటి బిగిస్తె దానికి ఎదురుంగ ఉన్నది బిగియ్యాలె, వరసపెట్టి గాదు. ఇంత దూరం నడిపినంక మల్లొకసారి చూడాలె. చూసినవా?

…

నాకు ఎవలు చెప్పిన్రంటవా? టైర్ల షాపు సామ్యేలన్న చెప్పిండు. వచ్చి చక్రం ఇప్పి చూపిచ్చిండు కూడ. రిమ్ముకు తుప్పు, తుప్పు మీదనే ఎక్కించినవ్, తుడువను గూడ తుడువలే. గుండ్రంగ ఉండాల్సిన బోల్టు రంధ్రాలు కోడిగుడ్డు లెక్క సాగినయి. రెండు నట్లు రోడ్డు మీద ఏడ పడ్డయో. ఉన్నయి చేత్తోనే తిరిగినయి బావా… చేత్తోనే!

…

నట్ల సంగతి వదిలెయ్యి. నాకు మంట దానికి గాదు. "మమతా, స్టెప్నీ ఎక్కించిన, ఒకసారి చూపిచ్చుకో"… ఈ ఒక్క ముక్క ఎందుకు చెప్పలే? తాళంచెవి కిటికీల పెట్టి ఎల్లిపోతివి. చెప్తె నీ ఇజ్జత్ తగ్గిపోతుండెనా?

…

మర్చిపోయినవా. మంచిది.

…

నేనెందుకు మాఫీ అడగాలె? మీ అమ్మకు మల్ల ఫోన్ చేసి "నేనే సరిగ నడపలే" అని చెప్పాల్నా? చెప్ప. నెత్తి మీద కత్తి పెట్టినా చెప్ప.

…

హలో? ఆ హారన్ ఏంది?… నువ్వు బండి నడుపుకుంట మాట్లాడుతున్నవా?

…

గోలేటికా? అక్క గూడ ఉన్నదా?… సరే. లగ్గానికి పోతున్రా. ఎవరిదైతె నాకేంది. ఏ బండి?

…

నీ బండేనా. ఆ… కొత్త అల్లాయ్ చక్రాలు ఏసినవా. మెరుస్తున్నయా. సంతోషం… ఎవలు ఎక్కించిన్రు?

…

బావా, ఒక్క నిమిషం. పొద్దుగాల నువ్వే ఎక్కించినవా? నీ చేత్తోనే?… నవ్వకు. నట్లు ఏడియి?… పాత ఇనుప చక్రాలయేనా? అవే ఏసినవా?

…

బండి ఆపు బావా.

…

నేను పగ తీర్చుకుంటలేను, ఆపు! ఆ చక్రాల నట్లు వేరుంటయి. నట్టు కూసునే గుంత తీరే వేరు. పాత నట్టు పైపైన పట్టుకుంటది, లోపల కూసోదు. నిన్న సామ్యేలన్న ఇదే మాట అన్నడు, ఎవరి చక్రానికి వాళ్ల నట్టే ఉండాలె అని… అరే, నీకు అన్నీ తెల్సు బావా, కాదంటలేను, ఆపి మాట్లాడు!

…

నేను చెప్తె ఆపవా. సరే. ఫోన్ అక్కకియ్యి… స్పీకర్ పెట్టు మరి. నీకు భయం లేదు గదా, పెట్టు.

…

అక్కా, నేనే. బాపు బాగనే ఉన్నడు. అది గాదు, నాకు ఒక్కటి చెప్పు, బండిల చప్పుడేమన్న వస్తుందా?… ఎప్పటి సంది? బెల్లంపల్లి దాటినప్పటి సందా? టక్ టక్ అనేనా?… స్టీరింగ్ చూడు, ఆయన చేతులు చూడు, వణుకుతున్నయా?

…

చూసినవా బావా! కొత్త టైర్ల చప్పుడట! నాకూ నిన్న గట్లనే రాయి చప్పుడు అనిపించింది. మెల్లగ తగ్గించు, బ్రేక్ గట్టిగ తొక్కకు, ఎడమ పక్కకు తీస్కో…

…

సిగ్గు లేదా నీకు! పక్కన నీ పెండ్లాం కూసున్నది! నా మాట విన్నట్టయితదనా ఆపుతలేవు? మరదలు చెప్తె ఆపిండని ఎవలన్న నవ్వుతరనా? నవ్వనియ్యి!

…

అక్కా వద్దు! హ్యాండ్ బ్రేక్ ముట్టకు! అది గుంజితె ఇంకా ముందుగాల ఊడుతది. చెయ్యి తియ్యి. అక్కా, స్పీకర్ బంద్ చేసి ఫోన్ చెవికి పెట్టుకో, విను. వాంతి వస్తుందని చెప్పు. అవు… గంతే. సీట్ల మీద కక్కుత అని చెప్పు, సీట్ల కోసమన్న ఆపుతడు.

…

…

ఆగిందా? పూర్తిగ ఆగిందా?… దేవుడా.

…

ఏడువకు. ముందుగాల దిగు. రోడ్డు దిక్కు గాదు, ఎడమకు, పొలం దిక్కు దిగు. దిగినవా?… ఇగ ముందు చక్రం దగ్గరికి పో. నట్టు మీద చెయ్యి పెట్టి తిప్పు. నీ వేళ్లతోనే… కాలుతదా? కొంగు పెట్టి పట్టుకో.

…

తిరుగుతుందా.

…

ఒకటి లేనే లేదా. ఇగ ముట్టకు, పక్కకు రా. ఆయనకు చూపిచ్చు. నువ్వు నోటితోని చెప్పకు, ఊకె వేలు పెట్టి చూపిచ్చు.

…

ఏమంటుండు?… ఎవడో దొంగ వదులు చేసిండా? ఎవలు, మీ వాకిట్లకు వచ్చి?… వద్దు, చెప్పు ఆయనకు, అవే నట్లు బిగిచ్చుకోని పోవుడు వద్దు. ఎంత బిగించినా ఆ నట్టు ఆ చక్రానికి పట్టదు. బండిని గుంజుకపోవాలె, గంతే. నేను సామ్యేలన్నను తీస్కోని ఆయన బండిల వస్తున్న.

…

హలో… మల్ల నువ్వా బావా. చెప్పు.

…

ఎవరికీ చెప్పొద్దా? బాపుకు గూడ?… నీ కోసం వస్తలేను, ఊకె మీద ఏసుకోకు. మా అక్క కోసం వస్తున్న. నీకు థాంక్స్ చెప్పుడు రాదు, తెల్సు, అడుగుతలేను గూడ.

…

ఏందీ? అక్కను బండెక్కుమంటున్నవా? మెల్లగ పోతవా?… ఇంత చూసినంక గూడ?… ఫోన్ అక్కకియ్యి. ఇయ్యి అంటున్న!

…

అక్కా. విను, ఎక్కకు. ఆయన చెయ్యి పట్టి గుంజినా ఎక్కకు. ముంగట హోటల్ ఉన్నదా? అండ్ల కూసో, మనుషులున్నకాడ ఉండు… ఏందీ? సక్కగ వినపడతలేదు, ఎవలో ఒర్లుతున్రు. ఎవలది ఆ గొంతు?

…

నువ్వేనా? బావ మీదనా?

…

ఇన్నేండ్లల్ల నీ గొంతు గింత పెద్దగ ఎన్నడూ వినలే అక్కా… "నీకు నా పానం కన్నా సీటే ఎక్కువైందా" అన్నవా? అన్నవా ఆ మాట?

…

అను. ఇంకా ఏమున్నయో అన్నీ అను. నాకు వినిపిచ్చుడు అక్కర లేదు, ఆయనకే చెప్పు. నేను బైలెల్లిన. ఫోన్ పెట్టెయ్యి.