మూడు కత్తెర్లు చాలన్నది మా అత్త

ఆగక్కా, ఆ కత్తెర పక్కన పెట్టు. మూడు కత్తెర్లు చాలని నీకు చెప్పింది మా అత్త. అదో, స్తంభం కాడ నిలబడి నీ చేతి తట్టే చూస్తా ఉండాదే, ఊదాసీర ఆమె, వసంతమ్మ. తల నాదైతే లెక్క ఆమె చెప్పేదేంది?

మాది నగిరి. ఇంట్లో మరమగ్గాలు. మా ఆయన మురుగేష్ ఊపిరితిత్తుల జబ్బుతో పోయినాడు. ఏడాది మైల తీరేదాకా కొండెక్కకూడదన్నారని ఆగి, ఇప్పుడొచ్చినాం.

ఈ మొక్కు నాది కాదక్కా, మా ఆయనది. మంచం మింద కూర్చోని ఊపిరి ఎగబోస్తా, "సామీ, నాకు నయమైతే నా పెండ్లాం తలనీలాలు ఇప్పిస్తా" అన్నాడు. వింటివా? నా పెండ్లాం తలనీలాలంట! నేను పక్కనే ఉండా, గంజి తాపిస్తా. నన్నొక మాట అడిగినాడా? తన తలకేమొచ్చింది అంటావా? అయ్యో, దానికి రంగేసుకుని ఉండాడు గదా. మంచాన పడినా రంగు మాత్రం తప్పనియ్యలా మారాజు.

నవ్వొద్దక్కా, కత్తి పట్టేదానివి.

మొక్కినాడు. నయం కాలా. పోయినాడు.

ఇంక చూడు, వచ్చినోళ్ళంతా ఒకటే పాట. "దేవుడు నమ్మినోళ్ళ చెయ్యి ఇడవడమ్మా పంకజాక్షీ" అనేది, కాఫీ తాగేది, పోయేది. ఇడవడు, సరే. మగ్గం మింద పోగు తెగితే ముడేసేదానికి ఇంకో చెయ్యి కావాలంటే మాత్రం, ఆ చెయ్యీ రాలా, ఈళ్ళ చెయ్యీ రాలా.

ఆ మిందట ఇంట్లో పంచాయితీ. దేని మింద? నా జుట్టు మింద! మా బావ గురప్ప, "మొక్కు మొక్కే, మాట తప్పితే ఇల్లు ఏమైపోతాదో" అంటాడు. మా అత్తేమో, "ముందు తప్పింది ఎవుర్రా? నా కొడుకును ఇచ్చినాడా? మనమెందుకు నిండుగా ఇయ్యాల?" అంటాది. వంకాయల కాడ బేరం ఇడవని మనిషి, దేవుడి కాడ ఇడుస్తాదా? సామికి కోపం రాకుండా కొంచెం, మనకు నష్టం రాకుండా కొంచెం అని, ఆఖరికి మూడు కత్తెర్ల కాడ తెగింది బేరం.

ఇంకో భయం కూడా ఉండాదిలే. నేను గుండుతో నగిరి బస్టాండులో దిగితే, మొగుడు పోయినదాన్ని పాతకాలం మాదిరి బోడి చేసినారని నలుగురూ అంటారంట. నా జుట్టు మింద ప్రేమనుకునేవు. ఇంటి పరువు మింద.

నీకేం కావాల పంకజాక్షీ అని మాత్రం ఒక్కరూ అడగలా.

గుండే కొట్టక్కా.

ఏం, అట్ల చూస్తావు? పిచ్చి పట్టలా నాకు. మా ఆయన మొక్కు తీర్చేదానికీ కాదు. అది మా ఆయనతోనే పోయింది.

ఇది నా మొక్కు. ఎవురికీ చెప్పలా. ఆస్పత్రిలో ఆఖర్న, ముక్కుకు గొట్టం పెట్టినా గాలి చాలక, మనిషి ఎగిరెగిరి పడతా ఉంటే... నా చెయ్యి పట్టుకుని కండ్లతోనే అడిగినాడక్కా, ఇంక చాలని. బయట మా అత్తా, మా బావా, "మనిషిని దక్కించు సామీ" అని దండాలు పెడతా ఉండారు. నేనూ పెట్టినా దండం. "ఇంక ఈడ్సొద్దు సామీ, తీస్కపో. నా జుట్టంతా నీకే" అన్నా.

మా అత్త కిందికి పోయి కాఫీ తెచ్చేలోపల తీస్కపోయినాడు.

సామి మాట తప్పినాడని ఆమె ఇప్పటికీ గొణుగుతానే ఉండాది. ఆ సామి ఎంత మాట మింద నిలబడినాడో నాకొక్కదానికే తెలుసు. యాడ చెప్పుకోను?

కానియ్యి, నీళ్ళు పొయ్యి. అదో, వస్తా ఉండాది ఆమె. నడినెత్తిన మొదలుపెట్టక్కా, మళ్ళ బేరమాడేదానికి లేకుండా.