భూమేష్ తుపాకి గుంజుకోలేదు

అన్నలారా, తమ్ములారా, నా బిడ్డలారా.

శుక్రవారం మీకు ఒక్కటే సెలవు. బట్టలు ఉతుక్కునే దినం, ఇంటికి ఫోన్ చేసుకునే దినం. ఆ దినాన్ని ఇడిసిపెట్టి లుసైల్ దిక్కు కూలీల క్యాంపుల నుంచి, ఐన్ ఖాలిద్ ఇండ్లల్ల నుంచి ఈ ఫరీజ్ బిన్ మహమూద్ గదికి వచ్చిండ్రు. గది చాలక మెట్ల మీద నిలబడ్డరు. భూమేష్ కోసం వచ్చిండ్రు. మీకందరికి ఈ ముసలిదాని దండం.

భూమేష్ లేడు. మెట్‌పల్లి దిక్కు పిల్లగాడు, తల నెరవని పిల్లగాడు, పెట్టెల పండుకొని ఇంటికి పోయిండు.

నాకంటె ముందు మాట్లాడిన పెద్దమనుషులు మంచిగ మాట్లాడిండ్రు. మంచోడన్నరు. నవ్వుమొఖపోడన్నరు. ఆఖరికి ఏమన్నరు? విధి అన్నరు. ఎవరి రాత ఎట్లున్నదో అన్నరు. నేను చదువుకున్నదాన్ని గాదు, రాతల సంగతి నాకు తెల్వది. కండ్లున్నయి. ఆ దినం నేను ఆడనే ఉన్న. నేను చూసింది విధిని గాదు, మనుషులను.

విజయరాణి నా మాటలు రాసుకుంటున్నది. రాసుకో బిడ్డా. గట్టిగున్న మాటను గట్టిగనే రాయి, మెత్త చెయ్యకు.

తెల్వనోళ్ళకు చెప్త. నేను ఎల్లవ్వను. మదీనత్ అల్ షమాల్ దాటినంక ఒక తోటిల్లు ఉన్నది, ఆ ఇంట్ల వంటదాన్ని. ఇంటి పెద్దాయనను మేం బాబా అంటం, ఆయన కొడుకును చిన్నబాబా అంటం. బాబాకు పాత తుపాకుల పిచ్చి. వేట తుపాకులు గావు, పాత లడాయి తుపాకులు. ఒకటి ఈజిప్టుది, హకీం అంటరు. ఒకటి ఫ్రెంచోళ్ళది. రెండు నా ఈడువే. ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే ఒక్క తూటా పోతది. ఖాళీ డొల్లను తుపాకే ఉమ్మేసి, ఇంకో తూటాను తానే మింగి, మళ్ల నొక్కెదాక చూస్తది. అన్నిటికి లైసెన్సులున్నయి, దొంగ సొమ్ము గాదు.

గోడకు తగిలిచ్చి మురిసే మనిషి గాదు బాబా. చలికాలం వచ్చిందంటే శుక్రవారం శుక్రవారం తోట వెనుక ఇసుక దిబ్బకు అట్టలు నిలబెట్టి కాల్చేటోడు. తుపాకి దొరుకుడు కష్టం గాదట, దాని తిండి దొరుకుడు కష్టమట. ఫ్రెంచి తుపాకికి సరిపోయే తూటాలు చేసే కార్ఖానలు ఎన్నడో బందయినయట. బాబా ఏ దేశం పోయినా అవే అడిగేది. ఏడనో పాత మిలట్రీ డబ్బా దొరికితే కాయితాలన్ని సక్కగ చేసుకొని తెప్పిచ్చేది. ఆ డబ్బా ఇంటికొచ్చిన నాడు కోడలు నీళ్ళాడినంత సంబురం.

భూమేష్ ఆ ఇంటికి ఖర్జూర చెట్లకు నీళ్ళు కట్టెటందుకు వచ్చిండు. ముందుగాల డబ్బాలు మోసిండు. తరువాత తుడిచిండు. తరువాత బాబా పక్కకు ఇంకెవరు నిలబడ్డా బాబాకు నచ్చకపోయేది.

ఆ పాత తూటాల మందు తుపాకి గొట్టంల ఉప్పు ఇడిసిపోతది. అదే దినం మసిలే నీళ్ళు పోసి కడగకుంటే తెల్లారేసరికి తుప్పు. నీళ్ళు మసలేది ఏడ? నా పొయ్యి మీద. ఏ గిన్నెల? నేను మచ్బూస్, ఈళ్ళ మాంసం బువ్వ, వండే పెద్ద గిన్నెల. భూమేష్ ప్రతి శుక్రవారం వంటింటి తలుపుకాడ నిలబడేది. "అవ్వా, నీళ్ళు పెట్టు, నా ఫ్రెంచి పిల్లకు తానం పోయాలె" అనేది. నేను తిట్టేది. నీ ఫ్రెంచి పిల్లను తీస్కపోయి సముద్రంల ముంచు అనేది. నవ్వేది, కదలకపోయేది. బాబా బిడ్డ నిశ్చయం నాడు పొయ్యిలన్ని నిండుగున్నయి, మనుషులు వందలు. నేను తలుపు మూసిన. బయటికి చూస్తే ఏమున్నది? మూడు రాళ్ళు పెట్టి, ఎండిన ఖర్జూర మట్టలు మంటేసి, తోటల బక్కెట్టు ఎక్కిచ్చిండు. ఇంట్ల అందరు మాంసం తింటుంటె ఆయన తుపాకి కడుగుతున్నడు. కడిగి, ఆరబెట్టి, నూనె రాసి, అప్పుడు వచ్చి చల్లారిన బువ్వ తిన్నడు. గిట్లాంటోడు తుపాకితోని ఆటలాడిండట. ఆ మాట ఇంటున్నరా?

ఇంకొక సంగతి చెప్త. ఇది అందరు చెవులు పెట్టి ఇనాలె.

పాత తూటా ఒక్కోసారి మూగపోతది. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంటది, పేలది. పేలలేదు గదా అని తుపాకి తిప్పినవా, అయిపోయినవ్. లోపల మందు జర ఆగి అంటుకోవచ్చు. అందుకే బాబా ఇంట్ల ఒక ఆనవాయితీ. తూటా మూగపోతే తుపాకి మూతి ఇసుక దిబ్బ దిక్కే ఉండాలె. పట్టుకున్నోడు కదలొద్దు. కూసున్నోళ్ళకు నేను గావా పోస్త, ఈళ్ళ కాఫీ. అందరు మెల్లగ గుటక గుటక తాగి ఫింజాన్ కప్పు కింద పెట్టినంకనే ఆ తుపాకిని తెరుసుడు. ఎంత పెద్ద షేక్ వచ్చినా అదే. ఒక శుక్రవారం బాబా చేతులనే మూగపోయింది. ముసలి మోకాళ్ళు, నిలబడలేక తుపాకి దించబోయిండు. భూమేష్ ఆయన మోచేయి కింద చెయ్యి పెట్టి ఎత్తి పట్టిండు. "బాబా, గావా" అన్నడు. అంతే. అంతమంది ముందట పనోడు యజమాని చెయ్యి ఆపిండు! బాబా ఏమన్నడనుకుంటున్నరు? నవ్విండు. భూమేష్ చేతుల మీదనే తన చేతులు ఆనిచ్చి, నా గావా అయ్యెదాక నిలబడ్డడు.

భూమేష్ నాకు చెప్పిన మాట ఇది: "అవ్వా, మూగ తూటా సచ్చిన పాము గాదు, పండుకున్న పాము."

ఇగ ఆ దినం సంగతి.

ఈ చలికాలం బాబా దవాఖానకని దేశం దాటి పోయిండు. తాళంచెవులు చిన్నబాబా చేతికొచ్చినయి. చిన్నబాబాకు తుపాకుల మీద ప్రేమ లేదు. వరల్డ్ కప్ వస్తున్నది, దేశమంత కట్టుడే తవ్వుడే, ఎవరితోని ఏం పని పడ్తదో తెల్వది. పెద్ద పెద్ద ఇంజినీర్లను తోటింటికి పిలిచిండు. మాంసం పెట్టిండు. తండ్రి తుపాకులు బయటికి తీసి పటాకులు కాల్చినట్టు కాల్పిచ్చిండు. బాబా ఏండ్లకేండ్లు కూడబెట్టిన తూటాలు గడియల ఒడిసినయి.

మిగిలింది ఒక రేకుడబ్బా. చిలుము పట్టినయి, సొట్టలు పడ్డయి ఏరి, కాల్చొద్దని భూమేష్ పక్కకు పెట్టిన డబ్బా. చిన్నబాబా అది తెమ్మన్నడు. భూమేష్ మాఫీ, వద్దు అన్నడు. బాబా వచ్చినంక అన్నడు. రెండు చేతులు జోడిచ్చిండు, నేను చూసిన. చిన్నబాబా "యల్లా", జల్ది తే, అన్నడు. ఎవరు లేచి డబ్బా తెచ్చిండ్రో ఈ గదిల ఉన్నోళ్ళకు తెలుసు. నేను ఆ పేరు చెప్ప. చెప్పినోని మాట ఇనుడు పనోని బతుకు, దానికి నేను తిట్ట.

ఫ్రెంచి తుపాకి చిన్నబాబా చేతులున్నది. ఒకటి రెండు పేలినయి. తరువాత టిక్కుమన్నది. భూమేష్ గావా అని కేకేసిండు. నేను కూజా పట్టుకొని డేరాల నుంచి బయటికొస్తున్న. కూసున్న ఇంజినీర్లల్ల ఒకడు నవ్విండు. ఆ నవ్వు చిన్నబాబా ఓర్వలేకపోయిండు. ఈ పాత సామాను ఇంతే అన్నట్టు, తుపాకి నడుముకాడ పట్టుకొని, వాళ్ళ దిక్కు తిరిగిండు. తుపాకి గూడ ఆయనతోని తిరిగింది. ఆ మూతి ముందట ఎవరున్నరు? ఇంజినీర్లున్నరు. మా డ్రైవర్ గౌస్ మొహియుద్దీన్ ఉన్నడు. అట్టలు నిలబెట్టే నగేష్ ఉన్నడు. కూజాతోని నేనున్న.

ఇనుండ్రి. భూమేష్ తుపాకి గుంజుకోలేదు. అడ్డం ఉరికి, గొట్టం మీద రెండు అరచేతులు పెట్టి, ఇసుకలకు ఒత్తిండు. ఒత్తుతుండంగనే పేలింది. తొడల దిగింది.

నా తలగుడ్డ ఇప్పి కట్టిన. ఆగలేదు. గౌస్ కారు తీసిండు. వరల్డ్ కప్‌కని తొవ్వలన్ని తవ్వి పెట్టిండ్రు, ఏ తొవ్వకు పోయినా డైవర్షనే, ఏ మూలకు పోయినా తిరిగిపొమ్మనే బోర్డే. దవాఖాన గేటు కనవడకముందే భూమేష్ నా ఒళ్ళె సల్లబడ్డడు.

ఓరి భూమేషా, నాకు నీ మీద గూడ కోపమే. పక్కకు దుంకొచ్చు గదరా. అందరం దుంకుతుంటిమి, ఎవని పానం వాడు దక్కిచ్చుకుందుము. ఇంజినీరు నీకేమైతడు? నేను నీకేమైత, పండుటాకును?

ఇప్పుడు ఆ ఇల్లు ఏమంటున్నది? పనోడు తెల్వక తుపాకి గుంజుకున్నడు, ఆ గుంజుకునుట్ల పేలింది అంటున్నది. తప్పు వానిదే అంటున్నది. అతిథులు తెల్లారి విమానం ఎక్కిండ్రు. పోలీసు ఆఫీసరు నన్ను పిలిచి మర్యాదగనే అడిగిండు. ఉన్నది ఉన్నట్టు చెప్పిన. ఇల్లేమో, ముసలిది వంటింట్ల ఉండె, ఆమె ఏం చూసింది అన్నది. నాతోని ఇంకొకరు చెప్పాలె. ఆదివారం మళ్ల పిలుస్తున్నరు. అదే ఆఖరట.

తప్పు వానిదే అన్న మాట ఊరికి ఎట్ల చేరిందో ఎరుకేనా? దుబాయ్‌ల తుపాకి దొంగిలబోయి సచ్చిండని చేరింది, ఊరోళ్ళకు ఏ గల్ఫ్ దేశమైనా దుబాయే. తుపాకి అన్న మాట మా దిక్కు ఊకె అనే మాట గాదు. మీలో సగం మందికి తెలుసు, ఆ మాట మీద ఎన్ని ఇండ్లు సోదా అయినయో, ఎంతమంది పిల్లలు మాయమైండ్రో. దినాలు గాకముందే పోలీసులు వాకిట్లకొచ్చిండ్రు. మీ ఇంట్ల అన్నలల్ల తిరిగినోళ్ళు ఎవరన్న ఉన్నరా అని స్వర్ణను అడిగిండ్రు. భూమేష్ పెండ్లాం స్వర్ణ, నిన్న నాకు ఫోన్ చేసింది. ఏడ్వలేదు. "అవ్వా, ఒక్కటి చెప్పు, ఆయన తుపాకి దొంగిలిండా?" అని అడిగింది. కట్టుకున్నదానికి గూడ అనుమానం పుట్టిచ్చిండ్రు. నాకు ఒళ్ళంత మండింది.

ఇప్పుడు నగేష్, నీతోని మాట్లాడుత. తలకాయ దించకు. నువ్వు స్వర్ణ తమ్మునివి. ఈ దేశం తెచ్చింది నీ బావ. నీకు పనిప్పిచ్చింది నీ బావ. ఆఫీసరు అడిగితే, నేను అట్టలు సదురుతున్న, చూడలేదు అన్నవట. అట్టలు దిబ్బకాడున్నయి. నువ్వు నా పక్కకున్నవ్. నీ భుజం నా భుజానికి తాకుతున్నది.

గౌస్ భాయ్, నీకు గూడ చెప్తున్న. బోధన్ నుంచి వచ్చినవ్, నమాజు తప్పనోనివి. నన్ను పక్కకు పిలిచి, "అవ్వా, నాకు ముగ్గురు బిడ్డలు" అన్నవ్. నిజమే. భూమేష్‌కు లేరా? వీసా ఆ ఇంటిదని భయపడ్తున్నవ్. నా వీసా ఎవరిది? అదే ఇంటిది. నా మూట సదురుకొమ్మని చెప్పనే చెప్పిండ్రు. సదురుకున్న. బాబాకు ఈ సంగతి ఎవరు చెప్పలేదట, పానం బాగలేదని దాచిండ్రట. ఆయన మర్లి వచ్చెదాక నేనుంటే, ఆయన మొఖం మీదనే చెప్త, నీ కొడుకు నీ ఆనవాయితీ తప్పిండు, నీ మనిషిని చంపిండు అని.

మీరు దొంగలని నేను అంటలేను. భయం నాకు తెల్వదా? ఆడిదాన్ని, పరాయి దేశంల పరాయి వంటింట్ల ముసలైనదాన్ని. గని ఒక్కటి అడుగుత. ఆ మూతి మీ దిక్కు తిరిగిన ఘడియ యాదికి తెచ్చుకోండ్రి. మీరు ఇయ్యాల ఈ గదిల కూసున్నరంటే ఎవని చేతుల పుణ్యం?

ఇగ చాలు.

బిడ్డలారా, లేవండ్రి. ఎన్ని నిమిషాలని గడియారం చూడకుండ్రి, నేను చాలన్నదాక భూమేష్ కోసం నోరు మూసుకొని నిలబడుండ్రి. ఫోన్లు బందు పెట్టుండ్రి. మెట్ల మీదోళ్ళు గూడ మాట ఆపుండ్రి.

నగేష్, నువ్వు లేవకు. గౌస్ భాయ్, నువ్వు గూడ కూసో. భూమేష్ కోసం మీరు నోరు మూసుకున్నది చాలు. ఆదివారం పోయి చూసింది చెప్పి రండ్రి. చెప్పొచ్చిన నాడు మీ ఇద్దరి నడుమ నేను నిలబడ్త, ఎంతసేపన్నా నిలబడ్త.

మిగిలినోళ్ళు లేవండ్రి.